ఎలుకలో పెట్టిన మనిషి కాలేయ క్యాన్సర్ కణాలు: తిరస్కరణను తేల్చుకునే పద్ధతి

న్యూడ్ ఎలుక (జుట్టు, రోగనిరోధక శక్తిలో కొంత భాగం లేని వంశం) పక్కలో, చర్మం కింద, హెప్‌జీ2 అనే మనిషి కాలేయ క్యాన్సర్ కణాలు 50 లక్షలు ఎక్కిస్తారు. మూడో రోజు చేతికి ఉబ్బు తగులుతుంది, ఆరో రోజుకీ ఉంటుంది. పద్నాలుగో రోజు వేలు పెట్టి చూస్తే ఏమీ ఉండదు. రిజిస్టర్లో ‘రిజెక్షన్’ అని ఒక్క మాట రాసేసి అందరూ తర్వాతి పనిలో పడిపోతారు. ఆ మాట నిజం కావచ్చు, కాకపోనూ వచ్చు. ఆ ఉబ్బు కణాలతో కలిపి ఎక్కించే మ్యాట్రిజెల్ అనే జెల్‌ది కావచ్చు. ఎక్కించేసరికే సెల్స్ సగం చచ్చి ఉండొచ్చు. కల్చర్‌కి మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా పట్టి ఉండొచ్చు. అసలవి హెప్‌జీ2 కాకపోవచ్చు కూడా. తిరస్కరణ అని రాయాలంటే తిరస్కరించిందెవరో చూపించాలి. దానికి మొదటి షరతు ఒకటుంది. అదే ట్యూబులోని కణాలు, అదే రోజున, తిరస్కరించే శక్తి లేని ఎలుకలో కూడా పెట్టి ఉండాలి. అక్కడ పెరిగి ఇక్కడ పెరగకపోతేనే మాట్లాడటానికి ఏదైనా ఉన్నట్టు.

(ఎలుక అన్న ప్రతిచోటా ల్యాబులో పెంచే చిట్టెలుక అనే అర్థం.)

ఏ ఎలుకలో ఎవరు కాపలా

బాల్బ్‌సీ అనే మామూలు వంశపు ఎలుకలో రోగనిరోధక దళాలన్నీ ఉంటాయి. మొదటి రెండు మూడు రోజుల్లో న్యూట్రోఫిల్స్, మ్యాక్రోఫేజ్‌లు (పరాయివాటిని మింగే తెల్లకణాలు) వస్తాయి. వారం లోపు ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణాలు చేరతాయి. ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య టీ కణాలు, యాంటీబాడీలు దిగుతాయి. మనిషి ప్రోటీన్లకూ ఎలుక ప్రోటీన్లకూ తేడాలు బోలెడు. ఆ ప్రోటీన్ ముక్కల్ని ఎలుక డెండ్రిటిక్ కణాలు తమ ఎంహెచ్‌సీ (కణం పైనుండే గుర్తింపు ప్రోటీన్) మీద పెట్టి టీ కణాలకు చూపిస్తాయి. రెండు వారాలయ్యేసరికి పెట్టిన కణాలు తుడిచిపెట్టుకుపోతాయి. ఇక్కడ ఒక అపోహ తరచూ వినిపిస్తుంది: మనిషి కణాలు ఎలుకలో నిమిషాల్లోనే తిరస్కరణకు గురవుతాయని. పంది అవయవాన్ని మనిషికి పెడితే నిమిషాల్లో నల్లబడటానికి కారణం ఆల్ఫా-గాల్ అనే చక్కెర మీద మనకుండే యాంటీబాడీలు. ఆ చక్కెర ఎలుక కణాల మీద ఉంది, మన కణాల మీద లేదు. కాబట్టి మనిషి కణాలు ఎలుకలోకి వెళ్లినప్పుడు ఆ గొడవే లేదు. నిమిషాల్లో చచ్చిపోయాయంటే లోపం మీ ట్యూబులో ఉంది, ఎలుకలో కాదు.

న్యూడ్ ఎలుకలు 1962లో గ్లాస్గోలో కంటపడ్డాయి. వాటికి టీ కణాలు పక్వానికి వచ్చే థైమస్ గ్రంథి లేదని పాంటెలూరిస్ అనే పరిశోధకుడు 1968లో చూపించాడు. మరుసటి ఏడాదే కోపెన్‌హాగన్‌లో రిగార్డ్, పోవ్‌ల్సెన్ మనిషి పెద్దపేగు క్యాన్సర్‌ను వాటిలో పెంచారు. లోపం ఫాక్స్‌ఎన్1 జీన్‌లో ఉంది. థైమస్ లేదు కాబట్టి టీ కణాలు పక్వానికి రావు. కానీ బీ కణాలున్నాయి, మ్యాక్రోఫేజ్‌లున్నాయి. ఎన్‌కే కణాలైతే మామూలు ఎలుకలోకన్నా చురుగ్గా ఉంటాయి. ‘న్యూడ్ అంటే ఇమ్యూనిటీ లేని ఎలుక’ అనుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. సొంత శరీరపు ఎంహెచ్‌సీ గుర్తు కనబడితే ఎన్‌కే కణం చెయ్యి దించుకుంటుంది, కనబడకపోతే కొడుతుంది. ఎలుక ఎన్‌కే కణం మీదున్న ఎల్‌వై49 రిసెప్టర్లకు మనిషి ఎంహెచ్‌సీ అయిన హెచ్ఎల్ఏ ఆ గుర్తుగా సరిగ్గా పనిచేయదు.

సిడ్ ఎలుకను 1983లో ఫిలడెల్ఫియాలోని ఫాక్స్ చేజ్ క్యాన్సర్ కేంద్రంలో మెల్విన్ బోస్మా బృందం వెలుగులోకి తెచ్చింది. దానికి టీ, బీ కణాలు రెండూ లేవు, ఎన్‌కే మాత్రం చెక్కుచెదరదు. కాబట్టి ఎన్‌కేకి లొంగిపోయే సెల్ లైను (ల్యాబులో తరతరాలుగా పెంచుతున్న ఒకే మూలపు కణాలు) విషయంలో న్యూడ్ నుంచి సిడ్‌కి మారినంత మాత్రాన లాభం ఉంటుందని అనుకోకూడదు. పైగా వయసు పెరిగేకొద్దీ కొన్ని సిడ్ ఎలుకల్లో యాంటీబాడీలు పుట్టుకొస్తాయి. ‘లీకీ’ అనేది వీటినే. నాన్-ఒబీస్ డయాబెటిక్ (నాడ్) వంశంలోకి సిడ్ మ్యుటేషన్‌ను తెచ్చిన నాడ్-సిడ్ 1995లో వచ్చింది. అందులో ఎన్‌కే బలహీనం, మ్యాక్రోఫేజ్‌లు మందకొడి, రక్తంలోని రక్షణ ప్రోటీన్లలో ఒకటైన కాంప్లిమెంట్ సీ5 లేదు. అయితే థైమస్ లింఫోమాతో ఎనిమిది తొమ్మిది నెలలకే చచ్చిపోతుంటాయి. ఎన్‌కే కణాలు ఎదగడానికి కావాల్సిన ఇంటర్‌ల్యూకిన్-2 రిసెప్టర్ గామా గొలుసును కూడా తీసేశాక జపాన్‌లోని కవాసాకిలో నాగ్ వచ్చింది, 2002లో. 2005లో అమెరికాలోని జాక్సన్ ల్యాబొరేటరీ నుంచి ఎన్‌ఎస్‌జీ వచ్చింది. ఈ రెండింటిలో టీ, బీ, ఎన్‌కే మూడూ లేవు. నాడ్ వంశానికి ఇంకో సుగుణం ఉంది. దాని మ్యాక్రోఫేజ్ మీదున్న సిర్ప్-ఆల్ఫా మనిషి కణాల మీదుండే సీడీ47 ప్రోటీన్‌కి గట్టిగా అతుక్కుంటుంది. ‘నన్ను తినకు’ అనే ఆ సంకేతం మిగతా వంశాల ఎలుకల్లో సరిగ్గా అందదు.

కాబట్టి మొదటి విడతకు మూడు వంశాలు చాలు: బాల్బ్‌సీ, బాల్బ్‌సీ న్యూడ్, ఎన్‌ఎస్‌జీ. ఒక్కో దాంట్లో 8, మొత్తం 24. ఆడ ఎలుకలు, 6 నుంచి 8 వారాల వయసు. వయసు విషయంలో పట్టుదలగా ఉండాలి. మూడు వారాల పిల్లల్లో ఎన్‌కే ఇంకా బలం పుంజుకోదు, ఐదు నుంచి ఎనిమిది వారాల మధ్య పూర్తి బలంతో ఉంటుంది. ఒక గుంపులో నాలుగు వారాలవీ ఇంకో గుంపులో పది వారాలవీ కలిపితే మీరు కొలుస్తున్నది వయసు.

ఏ కణాలు

హెప్‌జీ2 అర్జెంటీనాకు చెందిన 15 ఏళ్ల అబ్బాయి కణితి నుంచి వచ్చింది. చాలాకాలం హెపాటోసెల్యులర్ కార్సినోమా అనే రాశారు గానీ అది హెపాటోబ్లాస్టోమా (పిల్లల్లో వచ్చే కాలేయ క్యాన్సర్). హెప్3బీ 8 ఏళ్ల పిల్లవాడిది. అందులో హెపటైటిస్-బీ వైరస్ డీఎన్ఏ కలిసిపోయి ఉంది, కణితిని అణిచే పీ53 ప్రోటీన్ లేదు. హెచ్‌యూహెచ్7 జపాన్‌కు చెందిన 57 ఏళ్ల వ్యక్తిది. పీఎల్‌సీ-పీఆర్‌ఎఫ్-5 దక్షిణాఫ్రికా నుంచి వచ్చింది. హెప్3బీలాగే ఇదీ హెపటైటిస్-బీ ఉపరితల యాంటిజెన్‌ను బయటికి వదులుతుంది. న్యూడ్ ఎలుకల్లో ఈ పీఎల్‌సీ-పీఆర్‌ఎఫ్-5 కణాలను అణిచేసేది ఎన్‌కే కణాలు, ఇంటర్‌ఫెరాన్ అనే రక్షణ ప్రోటీన్ అని 1983లోనే ప్రచురితమైంది. అంటే న్యూడ్ ఎలుకలో తిరస్కరణ ఎలా ఉంటుందో నేర్చుకోవడానికి ఇది చక్కటి సెల్ లైను. కణితి పెంచి మందు పరీక్షించడమే పనైతే హెచ్‌యూహెచ్7 గానీ హెప్‌జీ2 గానీ తీసుకోండి.

కొన్ని పేర్లు చూస్తే ఆగిపోవాలి. చాంగ్ లివర్, ఎల్-02, బెల్-7402, ఎస్‌ఎంఎంసీ-7721 పేరుతో చలామణీ అవుతున్నవి హీలా కణాలు, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాలు. ఎస్‌కే-హెప్-1 రక్తనాళాల లోపలి పొర నుంచి వచ్చినది, హెపాటోసైట్ (అసలు కాలేయ కణం) కాదు. ఏ వయల్ తెచ్చినా, పుణేలోని ఎన్‌సీసీఎస్ లాంటి సెల్ బ్యాంకు నుంచి తెచ్చినా సరే, మీ చేతిలో పెంచిన స్టాక్‌కి ఎస్‌టీఆర్ ప్రొఫైల్ (కణాల డీఎన్ఏ వేలిముద్ర) చేయించండి, మైకోప్లాస్మా పీసీఆర్ (డీఎన్ఏ పరీక్ష) చేయండి. ఎలుకల్లో పెట్టబోయే కణాలకు ఎలుక వైరస్‌ల పీసీఆర్ కూడా అవసరం. గతంలో ఎవరో ఎలుకలో పెంచి తిరిగి కల్చర్ చేసిన స్టాక్ అయితే మరీ అవసరం. మ్యాట్రిజెల్ కూడా ఎలుక కణితి నుంచి తీసినదే. లాక్టేట్ డీహైడ్రోజినేజ్ పెంచే వైరస్ లేదని లేబుల్ మీద రాసి ఉన్నదే కొనండి. ఆ వైరస్ పట్టేది మ్యాక్రోఫేజ్‌లను. మీరు కొలవబోయే కణాలే అవి.

అనుమతి

మన దేశంలో ఈ పనికి సంస్థలోని జంతు నైతిక కమిటీ ఆమోదం కావాలి. జంతుశాల, జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ అయిన సీసీఎస్‌ఈఏ దగ్గర నమోదై ఉండాలి. రోగి నుంచి తీసిన కణితి వాడితే మానవ నైతిక కమిటీ అనుమతి వేరుగా కావాలి. దరఖాస్తులో ఎలుకల సంఖ్యకు కారణం, కణితి ఎంత పెరిగితే ఆపేస్తారు, బరువు ఎంత తగ్గితే ఆపేస్తారు అన్నవి అంకెల్లో రాయండి. కణితి పెద్ద కొలత 15 మిల్లీమీటర్లు, బరువు తగ్గుదల 20 శాతం, కణితి మీద చర్మం పగలడం – వీటిలో ఏది ముందొస్తే అక్కడ ఆపడం సబబు. తిరస్కరణ చూడటానికి ఇంతకన్నా పెద్ద కణితి ఎలాగూ అక్కర్లేదు.

కణాలు సిద్ధం చేయడం

సగం ప్రయోగాలు పాడయ్యేది ఇక్కడే, కాబట్టి వివరంగా చెప్పుకోవాలి.

ముందు లెక్క. 24 ఎలుకలు, ఒక్కోదానికి 50 లక్షలు, అంటే 12 కోట్లు. సిరంజిలో, ట్యూబు గోడకు అంటుకుపోయేది కలిపితే 15 కోట్లు తయారుగా ఉండాలి. టీ-175 ఫ్లాస్కుకు దాదాపు 2 కోట్లు వస్తాయనుకుంటే 8 ఫ్లాస్కులు. ఫ్లాస్కు 70–80 శాతం నిండినప్పుడే తీయాలి. నిండిపోయి, పైన గుట్టలు కట్టిన హెప్‌జీ2ను, కణాలను విడదీసే ఎంజైమ్ ట్రిప్సిన్‌తో ఎంత కష్టపడినా విడదీయలేరు. ముందు రోజు మీడియం మార్చండి.

1. మీడియం తీసేసి, కాల్షియం-మెగ్నీషియం లేని పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో రెండుసార్లు కడగండి. సీరం ఏమాత్రం మిగిలినా ట్రిప్సిన్ పనిచేయదు.

2. 0.25 శాతం ట్రిప్సిన్-ఈడీటీఏ, 37 డిగ్రీల దగ్గర 3 నుంచి 5 నిమిషాలు. మైక్రోస్కోపు కింద గుండ్రంగా తేలుతున్న కణాలు కనబడగానే సీరం ఉన్న మీడియంతో ఆపండి. పది నిమిషాలు వదిలేస్తే పైపొర ప్రోటీన్లు తెగి, అతుక్కునే శక్తి పోతుంది.

3. 40 మైక్రాన్ల జల్లెడ గుండా వంచండి. హెప్‌జీ2 గుంపులుగా ఉండే కణం. జల్లెడ పట్టకపోతే ఒక ఎలుకకు 20 లక్షలు, పక్కదానికి 80 లక్షలు వెళ్తాయి. జిగురుగా తీగలు సాగుతుంటే అది చచ్చిన కణాల డీఎన్ఏ. డీఎన్ఏను కోసే ఎంజైమ్ డీఎన్‌ఏజ్-1 వేయవచ్చు. కానీ అంత జిగురు వచ్చిన స్టాక్‌ను ఎలుకలో పెట్టకపోవడమే మంచిది.

4. 300 జీ దగ్గర 5 నిమిషాలు తిప్పి, సీరం లేని చల్లటి పీబీఎస్‌లో మూడుసార్లు కడగండి. ఈ కడుగుడు శుభ్రత కోసం మాత్రమే కాదు. దూడ సీరం ప్రోటీన్లు ఎలుకకు పరాయివే. మామూలు బాల్బ్‌సీ వాటి మీద కూడా యాంటీబాడీలు చేస్తుంది. తర్వాత ఎలుక రక్తంలో ‘మనిషి కణాల మీద యాంటీబాడీ’ కొలిచినప్పుడు మీకు కనబడేది దూడ ప్రోటీన్ మీదది కావచ్చు.

5. చచ్చిన కణాలకే పట్టే ట్రిపాన్ బ్లూ రంగుతో లెక్కపెట్టండి. బతికినవి 95 శాతం ఉండాలి. 90కి తగ్గితే ఆ రోజు పని ఆపేయండి. చచ్చిన కణాలు మ్యాక్రోఫేజ్‌లను పిలుస్తాయి, బతికినవాటి పని కూడా చెడుతుంది.

6. మిల్లీలీటరుకు 10 కోట్లు ఉండేలా 1.5 మి.లీ. పీబీఎస్‌లో కలిపి, దానికి 1.5 మి.లీ. మ్యాట్రిజెల్ చేర్చండి. ఇప్పుడు 100 మైక్రోలీటర్లలో 50 లక్షలు ఉన్నట్టు.

మ్యాట్రిజెల్‌ను ముందు రాత్రే 4 డిగ్రీల దగ్గర, ఐసులో గుచ్చి, కరగనివ్వాలి. చల్లగా ఉన్నంతసేపు అది చిక్కటి గంజిలా జారుతుంది. 10 డిగ్రీలు దాటిందా, గడ్డ కట్టడం మొదలు. గది వేడికి జున్నులా బిగుసుకుంటుంది, మళ్లీ ఐసులో పెట్టినా వెంటనే మామూలుకు రాదు. టిప్పులు, సిరంజిలు, సూదులు అన్నీ ముందే ఫ్రిజ్‌లో పెట్టుకోండి. హైదరాబాద్ ఎండాకాలంలో ఏసీ చాలని గదిలో ఈ పని చేస్తుంటే ఐసు పెట్టె ఒళ్లో ఉన్నంత దగ్గరగా ఉండాలి.

ఎక్కించడం

కుడి పక్కలో కణాలు, ఎడమ పక్కలో కణాల్లేని 50 మైక్రోలీటర్ల పీబీఎస్, 50 మైక్రోలీటర్ల మ్యాట్రిజెల్ మిశ్రమం. ఎడమ ఉబ్బు ఎప్పుడు పోతుందో చూస్తే కుడివైపు ఉబ్బులో మ్యాట్రిజెల్ వాటా ఎంతో తెలుస్తుంది. 26 లేదా 27 గేజ్ సూది. చర్మాన్ని వేళ్లతో గుడారంలా లేపి, సూదిని చర్మం కింద ఒక సెంటీమీటరు జరిపి, నెమ్మదిగా తోయండి. పది సెకన్లు ఆగి, సూదిని కొద్దిగా తిప్పుతూ తీయండి. గబుక్కున తీస్తే సూది దారి వెంట బొట్టు బయటికి వస్తుంది. ఆ బొట్టులో మీ 50 లక్షల్లో సగం పోవచ్చు. బొట్టు కారిన ఎలుక నంబరు రాసిపెట్టుకోండి.

సిరంజిని ప్రతిసారీ నింపే ముందు ట్యూబును మెల్లగా తలకిందులు చేయాలి, లేకపోతే కణాలు అడుగుకు దిగుతాయి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఎవరూ పెద్దగా చెప్పనిది. 8 బాల్బ్‌సీలు, తర్వాత 8 న్యూడ్‌లు, చివర 8 ఎన్‌ఎస్‌జీలు అని వరసగా చేయకండి. వంశానికి ఒకటి చొప్పున తిప్పుతూ వెళ్లండి. గంటసేపు ఐసులో ఉన్న కణాలు మొదటి నిమిషంలో ఉన్నట్టు ఉండవు. వంశాల వారీగా చేస్తే ఆలస్యం అంతా ఒకే గుంపు నెత్తిన పడి, తిరస్కరణలా కనబడుతుంది. అయితే ఎన్‌ఎస్‌జీ, న్యూడ్ ఎలుకల దగ్గరికి మామూలు బాల్బ్‌సీ ముట్టుకున్న గ్లవ్స్‌తో వెళ్లకూడదు. ప్రతి తిప్పులోనూ ముందు ఎన్‌ఎస్‌జీ, తర్వాత న్యూడ్, చివర బాల్బ్‌సీ, మళ్లీ మొదలుపెట్టే ముందు గ్లవ్స్ మార్పు.

చివరి ఎలుక అయిపోయాక ట్యూబులో మిగిలినవి పారేయకండి. మరోసారి ట్రిపాన్ బ్లూ వేసి లెక్కపెట్టండి. కొన్ని కణాలను ఆరు గుంతల ప్లేటులో వేసి, 24 గంటల తర్వాత అతుక్కున్నాయో లేదో చూడండి. రెండు నిమిషాల పని ఇది. అతుక్కోలేదంటే రెండు వారాలు ఎదురుచూసి ఏడవక్కర్లేదు.

ఉబ్బును చదవడం

వారానికి మూడుసార్లు కాలిపర్‌తో కొలవండి. నిడివి × వెడల్పు × వెడల్పు, దాన్ని రెండుతో భాగిస్తే ఘనపరిమాణం. కొలిచే మనిషికి ఏది ఏ గుంపో తెలియకపోతే మేలు. న్యూడ్‌కి జుట్టుండదు కాబట్టి వంశం దాచలేం, కానీ రెండో విడతలో యాంటీసీరం ఇచ్చిన గుంపునైనా దాచవచ్చు.

అంకెలతో పాటు చేతికి ఎలా తగిలిందో కూడా రాయండి. మ్యాట్రిజెల్ ఉబ్బు మెత్తగా, పల్చగా, నొక్కితే పక్కకు జరిగేలా ఉంటుంది. ఎడమవైపు అది తగ్గుతున్నకొద్దీ కుడివైపూ తగ్గిందంటే కణితి ఇంకా మొదలవలేదు. నిలదొక్కుకున్న కణితి ముందు కందిగింజలా గట్టిగా తగులుతుంది, తర్వాత బఠాణీ అంత అవుతుంది. కంది నుంచి బఠాణీకి వచ్చి, మళ్లీ కందికి తగ్గి, మాయమైతే అది తిరస్కరణకు బలమైన సూచన. గట్టిపడనే లేదంటే కణాలు అసలు కుదురుకోలేదనే అర్థం.

లూసిఫరేజ్ (లూసిఫెరిన్ తగిలితే వెలుగునిచ్చే ఎంజైమ్) ఉన్న కణాలైతే ఈ తేడా ఇంకా స్పష్టంగా దొరుకుతుంది. కిలోకు 150 మి.గ్రా. లూసిఫెరిన్ పొట్టలోకి ఇచ్చి, 10 నుంచి 15 నిమిషాలకు చూడండి. మొదటి రెండు రోజుల్లో మూడు వంశాల్లోనూ వెలుగు పడిపోతుంది. ఆక్సిజన్ అందక చచ్చేవి అవి. అప్పటి నుంచి దారులు విడిపోతాయి. విడిపోయే రోజు ఏదన్నదే నిందితుడి గురించి మొదటి ఆచూకీ. నాలుగో రోజుకే న్యూడ్ వెనకబడితే ఎన్‌కే, మ్యాక్రోఫేజ్‌ల వైపు చూడాలి. మామూలు ఎలుకలో లూసిఫరేజ్ స్వయంగా పరాయి ప్రోటీన్ అని మరవకండి.

కొన్ని కాలేయ కణితులు వదిలే మనిషి ఆల్ఫా-ఫీటోప్రోటీన్‌ను ఎలుక రక్తంలో కొలవడం హెప్‌జీ2, హెప్3బీ, హెచ్‌యూహెచ్7లకు పనికొస్తుంది. ఎస్‌కే-హెప్-1లో అది దొరకదు. కిట్‌ను ముందు కణాలు ఎక్కించని ఎలుక సీరంతో పరీక్షించండి. హెప్3బీ, పీఎల్‌సీ-పీఆర్‌ఎఫ్-5లకు హెపటైటిస్-బీ ఉపరితల యాంటిజెన్ కొలవవచ్చు. కానీ మామూలు బాల్బ్‌సీలో దాన్ని నమ్మకండి. ఎలుక దానిమీద యాంటీబాడీ చేసుకుంటే, కణితి ఉండగానే యాంటిజెన్ కప్పుకుపోయి అంకె పడిపోతుంది.

నిందితుడిని పట్టుకోవడం

ఎన్‌ఎస్‌జీలో కూడా పెరగలేదా? తిరస్కరణ గురించి మాట్లాడకండి, కణాల దగ్గరికి వెళ్లండి. ఎన్‌ఎస్‌జీలో పెరిగి న్యూడ్‌లో పోయిందా? అప్పుడు రెండో విడత: బాల్బ్‌సీ న్యూడ్ ఎలుకల్లో ఎన్‌కే కణాలను తీసేసి చూడటం.

దీనికి, ఎన్‌కే కణాల మీదుండే అసియాలో జీఎం1 గుర్తుకు అతుక్కునే యాంటీ-అసియాలో జీఎం1 అనే కుందేలు యాంటీసీరం వాడతారు. కణాలు ఎక్కించే ముందు రోజు 20 నుంచి 50 మైక్రోలీటర్లు, పీబీఎస్‌లో 200 మైక్రోలీటర్లకు చేసి పొట్టలోకి ఇవ్వాలి, తర్వాత ఐదు నుంచి ఏడు రోజులకోసారి. బ్యాచ్ బ్యాచ్‌కీ బలం మారుతుంది కాబట్టి ముందు రెండు ఎలుకల మీద మోతాదు చూసుకోండి. ఇంకో గుంపుకు అదే మోతాదులో మామూలు కుందేలు సీరం. వట్టి పీబీఎస్ ఇస్తే పోలిక కుదరదు. చాలామంది పీకే136 అనే ఎన్‌కే1.1 యాంటీబాడీ కొని పోగొట్టుకుంటారు. సీ57 నల్ల ఎలుకలో అది చక్కగా పనిచేస్తుంది గానీ, బాల్బ్‌సీ వంశంలో ఎన్‌కే1.1 గుర్తే ఉండదు. రంగు యాంటీబాడీలతో కణాలను లెక్కపెట్టే ఫ్లో సైటోమెట్రీలో కూడా అంతే. బాల్బ్‌సీలో డీఎక్స్5 లేదా ఎన్‌కేపీ46 వాడాలి.

యాంటీసీరం ఇచ్చాం కాబట్టి ఎన్‌కే పోయిందని అనుకోకూడదు. ప్రతి గుంపు నుంచి రెండు ఎలుకలను మూడో రోజు తీసి ప్లీహంలో లెక్కపెట్టండి. అసియాలో జీఎం1 ఎన్‌కే మీదే కాకుండా బేసోఫిల్స్ లాంటి వేరే కణాల మీద కూడా కొంత ఉంటుంది. అందుకే ఫలితం రాసేటప్పుడు ‘ఎన్‌కే వల్లే’ అనే బదులు ‘అసియాలో జీఎం1 ఉన్న కణాల వల్ల’ అని రాయడం నిజాయతీ. ఆ సందేహం కూడా తీరాలంటే ఎన్‌కే కణాల మీదుండే సీడీ122కి అతుక్కునే టీఎం-బీటా1 యాంటీబాడీతో అదే ప్రయోగం మళ్లీ చేయండి.

ఎన్‌కే తీసేసినా న్యూడ్‌లో నిలవకపోతే మ్యాక్రోఫేజ్‌లు మిగిలాయి. మ్యాక్రోఫేజ్‌లు మింగి చచ్చే క్లోడ్రోనేట్ లైపోజోమ్‌లు (మందు నింపిన కొవ్వు బుడగలు), మిల్లీలీటరుకు 5 మి.గ్రా. ఉన్నవి, 200 మైక్రోలీటర్లు, కణాలకు 48 గంటల ముందు. తోక సిరలోకి ఇస్తే కాలేయంలోని కుప్ఫర్ కణాలు (కాలేయపు మ్యాక్రోఫేజ్‌లు), ప్లీహంలోవి పోతాయి. చర్మం కింద కణితి చుట్టూ చేరేవాటి మీద ప్రభావం తక్కువ. వీటిని ఇచ్చేముందు గది వేడికి తెచ్చి, బాగా కలపండి. అడుగుకు దిగినదాన్ని అలాగే ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో అడ్డుపడి ఎలుక అక్కడికక్కడే చచ్చిపోవచ్చు.

న్యూడ్‌లో పెరిగి బాల్బ్‌సీలో పోతే టీ కణాల వైపు చూడాలి. జీకే1.5 యాంటీబాడీతో సీడీ4 టీ కణాలను, 2.43 యాంటీబాడీతో సీడీ8 టీ కణాలను తీసేయవచ్చు. ఒక్కోటి 200 మైక్రోగ్రాములు, మూడు రోజుల ముందు, ఒకరోజు ముందు, ఆపై వారానికోసారి. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం మాత్రం మార్పిడి. ఒకసారి ఆ కణాలను తిరస్కరించిన బాల్బ్‌సీ ప్లీహం నుంచి టీ కణాలు తీసి, కణితి ఉన్న బాల్బ్‌సీ న్యూడ్‌లోకి, కోటి నుంచి రెండు కోట్లు, తోక సిరలోకి ఎక్కించండి. కణితి కరిగిపోతే ఇక వాదన లేదు. రెండు ఎలుకలూ ఒకే వంశం కావాలి. సీ57 కణాలను బాల్బ్‌సీ న్యూడ్‌లో పెడితే ఆ కణాలే ఎలుకను తింటాయి.

యాంటీబాడీ చూడాలంటే ఎలుక సీరాన్ని 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి, 50 వంతులకు, 200 వంతులకు పలచన చేసి, అవే హెప్‌జీ2 కణాలతో ఐసు మీద అరగంట ఉంచండి. తర్వాత ఎలుక ఐజీజీ, ఐజీఎమ్ (రెండు యాంటీబాడీ రకాలు) మీద రంగు యాంటీబాడీ. రెండో ప్లేటులో మనిషివి కాని కణాలు, అదే దూడ సీరంలో పెంచినవి పెట్టండి. వాటికీ రంగు పట్టిందంటే మీరు చూసింది దూడ ప్రోటీన్. న్యూడ్‌లో ఐజీఎమ్ కొంత కనబడుతుంది, టీ కణాల సాయం లేదు కాబట్టి ఐజీజీ తక్కువ.

కోసి చూడటం

కణితి పోయాక కోస్తే మచ్చ తప్ప ఏమీ దొరకదు. కాబట్టి ప్రతి వంశం నుంచి మూడో, ఏడో, పదో రోజులకు కోయడానికే కొన్ని ఎలుకలను అదనంగా మొదట్లోనే లెక్కలో వేసుకోండి. అనుమతి దరఖాస్తులో కూడా అవి ఉండాలి. తిరస్కరణలో ఎలుక తెల్లకణాలు కణితి అంచున దండలా చేరి లోపలికి చొరబడతాయి. రక్తం అందక చచ్చిన చోట అయితే మధ్యలో గులాబీ రంగు మడుగు ఉండి, అంచున కణాలు హాయిగా విభజన చెందుతుంటాయి. ఎలుక కణాలకు ఎఫ్4-80, ఎన్‌కేపీ46, సీడీ3, బీ220 (వరసగా మ్యాక్రోఫేజ్, ఎన్‌కే, టీ, బీ కణాల గుర్తులు) రంగులు వేయండి. మనిషి కణాలకు ఎలుకలో తయారైన యాంటీబాడీ వాడితే నేపథ్యమంతా మరకలే, ఎందుకంటే కణజాలంలో ఎలుక ఐజీజీ ఉంది. కుందేలు మోనోక్లోనల్ యాంటీబాడీతో మనిషి కేయూ80 ప్రోటీన్ గానీ హెచ్ఎల్ఏ గానీ చూడండి.

కాలేయంలోనే పెట్టేటప్పుడు

చర్మం కింద చక్కగా పెరిగిన కణాలే కాలేయంలో పోతే ఆశ్చర్యపోకండి. కాలేయంలో కుప్ఫర్ కణాలు, ఎన్‌కే కణాలు గుంపుగా కాపురముంటాయి. 10 లక్షల కణాలు, 20 మైక్రోలీటర్లలో, మ్యాట్రిజెల్‌తో, 30 గేజ్ సూదితో ఎడమ తమ్మెలోకి పొర కింద అడ్డంగా జరిపి, అర నిమిషం పట్టేలా తోయండి. సూది తీయగానే జెలటిన్ స్పాంజితో నిమిషంపాటు నొక్కిపట్టండి. ఆపరేషన్‌కు ముందే నొప్పి మందు ఇవ్వాలి. బ్యుప్రెనార్ఫిన్ కిలోకు 0.05 నుంచి 0.1 మి.గ్రా. కారిన కణాలు పొట్ట పొర మీద గింజల్లా పెరిగితే దాన్ని మెటాస్టాసిస్ (కణితి తనంతట వేరే చోటికి పాకడం) అని రాయకండి, అది మీ సూది నుంచి కారినదే.

బయటి నుంచి వచ్చే చెడుపు

మౌస్ హెపటైటిస్ వైరస్ ఎలుకలకు వచ్చే కరోనా వైరస్. మామూలు ఎలుకలో జలుబంత కూడా కనబడకపోవచ్చు. న్యూడ్‌లో మాత్రం చిక్కిపోవడం, కాలేయం మచ్చలు పడటం. ప్రయోగానికి అసలు దెబ్బ అంతకుముందే తగులుతుంది. ఇంటర్‌ఫెరాన్ లేచి, ఎన్‌కే రెచ్చిపోయి, నిరుడు పెరిగిన కణితి ఈ ఏడు పెరగదు. సెంటినెల్ ఎలుకలను (ఇన్ఫెక్షన్ పరీక్ష కోసమే గదిలో ఉంచేవి) పెట్టి మూడు నెలలకోసారి పరీక్షించాలి. న్యూడ్‌ను సెంటినెల్‌గా పెట్టకండి, అది యాంటీబాడీ సరిగ్గా చేయదు కాబట్టి సీరం పరీక్షలో ఉన్నా లేనట్టే వస్తుంది. గది 26 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి. జుట్టులేని ఎలుకకు 22 డిగ్రీలు చలే.

సిడ్ వాడితే ఎక్కించే ముందు ప్రతి ఎలుకకూ సీరం ఐజీఎమ్ చూసి, మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము దాటినదాన్ని పక్కన పెట్టండి. రేడియేషన్ ఇవ్వాలనుకుంటే సిడ్, ఎన్‌ఎస్‌జీలు న్యూడ్ అంత తట్టుకోలేవు. వాటి డీఎన్ఏ మరమ్మతు యంత్రాంగంలోనే లోపం ఉంది.

రోగి కణితి ముక్కను నేరుగా ఎన్‌ఎస్‌జీలో పెట్టేవాళ్లకు ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది. ముక్కతో పాటు రోగి బీ కణాలు వెళ్తాయి. వాటిలో ఎప్‌స్టీన్-బార్ వైరస్ నిద్రపోతూ ఉండవచ్చు. కాపలా లేని ఎలుకలో అది లేచి లింఫోమాగా పెరుగుతుంది. బఠాణీ అంత గట్టి గడ్డ వచ్చిందని సంతోషించి, ముక్కలు చేసి పది ఎలుకలకు పంచుతారు. ఆ గడ్డలో కాలేయ కణం ఒక్కటీ ఉండదు. మొదటి తరం గడ్డ నుంచే ఒక ముక్కకు మనిషి సీడీ45, సీడీ20, హెప్‌పార్-1 (వరసగా తెల్లకణాల, బీ కణాల, కాలేయ కణాల గుర్తులు) రంగులు వేయించండి. ఆ ఫలితం వచ్చేదాకా మిగతా ముక్కలను ద్రవ నైట్రోజన్‌లో ఉంచండి, ఇంకో ఎలుకలో పెట్టకండి.